ముళ్ళు కరువైన అడవి

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ పెద్దదేమీ కాదు, ఒక వాగూ ఒక బడీ బోలెడన్ని పుకార్లూ పట్టేంత అడవిలో, జంతువులన్నీ తమ పిల్లల్ని శ్రద్ధగా చదివించుకుంటూ ఉండేవి. చదువంటే అక్కడ అందరికీ భక్తే, చదివే పిల్లలకు తప్ప.

ఆ అడవికి ఉత్తరాన ఏనుగుల కొండ ఉంది. కొండ మీద ఒక కళాశాల ఉంది. ఏ ఆకు దేనికి పనికొస్తుందో, విరిగిన కాలు ఎలా కట్టాలో, వాన ఎప్పుడొస్తుందో ఎలా కనిపెట్టాలో అన్నీ అక్కడ నేర్పుతారు. మన అడవి బడికి అందులో ఏడాదికి ఒక్కటంటే ఒక్కటే సీటు. దానికోసం పక్షులు గుడ్ల మీద కూర్చున్నప్పటినుంచే ఎక్కాలు వల్లించేవి. గుడ్లు పెట్టని జాతులవాళ్ళు తాము వెనకబడిపోతున్నామని బెంగపెట్టుకునేవారు.

ఆ ఏడు చలికాలంలో ఒక పావురం కొండ మీదినుంచి ఉత్తరం తెచ్చింది. ఇకమీదట మార్కులొక్కటే చూస్తే చాలదనీ, పిల్లలు పాఠాలు కాక ఇంకేం చేస్తుంటారో, బడిలో ఏ సంఘాల్లో పాలుపంచుకుంటారో కూడా చూస్తామనీ, వేసవి మొదట్లో తమ పరీక్షాధికారి స్వయంగా వచ్చి సీటు సంగతి తేలుస్తారనీ అందులో ఉంది. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మంచి ఉద్దేశాలు కొండ దిగి అడవిలోకి వచ్చేసరికి ఏమవుతాయో పాపం వాళ్ళకు తెలియదు.

హెడ్మాస్టరు కొండముచ్చుగారు ఆ ఉత్తరం చదివి వినిపించగానే తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడింది. అప్పటిదాకా ఆ బడిలో సంఘమన్న మాటే లేదు. బడి విడవగానే పిల్లలు ఆడుకునేవారు, అంతే. ఆటలెందుకని ఇన్నాళ్ళూ వీపులు వాయించిన తల్లిదండ్రులే ఆ సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి, ఆ ఆటకు అధ్యక్షుడివి నువ్వా కాదా అని నిలదీశారు.

ఇలాంటి అదనులో నక్క రాకుండా ఎలా ఉంటుంది?

జంబుకేశం మాస్టారని ఆ అడవిలో ఒక నక్క ఉండేవాడు. ఆయన ఏ బడిలోనూ మాస్టారు కాదు. ఒకప్పుడు కొండ మీద కళాశాల వంటశాల వెనకాల కొన్నాళ్ళు తిరిగాడు. ఆ అనుభవం పెట్టుబడిగా వాగు ఒడ్డున మద్దిచెట్టుకు 'జంబుకేశం సంఘ శిక్షణాలయం' అని బోర్డు కట్టాడు.

అక్కడ చేరడానికి ఒక పద్ధతుంది. ముందు పిల్ల వచ్చి మాస్టారి తోక తొక్కాలి. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం పడుతుందని లోకమంతా అంటున్నదే కదా. అంత విలువైన సరుకును ఇన్నేళ్ళూ ఊరికే వెనకాల వేలాడదీసుకు తిరిగానే అని ఆయన నాలిక కరుచుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి తోక చాపుకుని కూర్చుంటే తల్లిదండ్రులు పిల్లల్ని వరసలో నిలబెట్టి తొక్కించేవారు. అడవిపంది తన నలుగురు పిల్లల్నీ ఒకేసారి తొక్కించినప్పుడు మాత్రం మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మొహంలో నవ్వు చెదరనివ్వలేదు. ఫీజు కింద ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చేవారు. తోచనివాళ్ళకు ఆయనే తోచేలా చేసేవాడు.

ఆయన అందరికీ చెప్పిన సలహా ఒక్కటే.

"ఊరికే సభ్యుడిగా చేరితే కొండ మీద మొహం కూడా చూడరండీ. అధ్యక్షుడై ఉండాలి. సంఘం ఏదైనా ఫరవాలేదు."

ఆ బడిలో మొత్తం పిల్లలు నలభై నలుగురు. పదిహేను రోజులు తిరిగేసరికి సంఘాలు నలభై మూడు.

చిలక పిల్ల మౌన సాధన సంఘానికి అధ్యక్షురాలైంది. తాబేలు పిల్లది పరుగు పందాల సంఘం. గుడ్లగూబ పిల్ల సూర్యోదయ దర్శన సంఘం పెట్టింది కానీ, ఆ వేళకు అధ్యక్షులవారు పడుకుని ఉండేవారు. చిరుత కూన శాకాహార ప్రచార సంఘం పెట్టి మొదటి సమావేశానికి కుందేళ్ళను ఆదరంగా ఆహ్వానించింది. వాటికి ఆ రోజే ఏదో పని పడింది. అడవిలో అందరికంటే గొప్పింటివారు నెమలి రాయుడుగారు. ఆయన కొడుకు చంద్రకాంత్ నిరాడంబర జీవన సంఘం పెట్టి, పురి విప్పి ప్రారంభోత్సవం చేశాడు.

అందరూ అధ్యక్షులే కావడంతో సభ్యులు దొరకలేదు. జంబుకేశం దానికీ దారి చూపించాడు. నా సంఘంలో నువ్వు సభ్యుడివి, నీ సంఘంలో నేను సభ్యుణ్ణి అని ఒకరికొకరు మోదుగాకుల మీద రాసిచ్చుకుంటే, వాటి మీద ఆయన తన కాలి ముద్ర వేసేవాడు. సమావేశాలు రోజూ జరిగేవి. ప్రతి సమావేశంలోనూ వచ్చే సమావేశం ఎప్పుడో తీర్మానించేవారు. చలికాలం పోకముందే అడవిలో మోదుగచెట్లు బోడివైపోయాయి.

ఇక ఏ సంఘమూ లేని ఆ నలభై నాలుగో పిల్ల పేరు సూదిమణి. ముళ్ళపంది పిల్ల.

బడి విడిచాక ఆ పిల్ల వాగు దగ్గర మూడు బాటలు కలిసేచోట ఒక బండ మీద కూర్చునేది. కాల్లో ముల్లు దిగినవాళ్ళు వచ్చి ఆమె ముందు కాలు చాపేవారు. ఒంటినిండా ముళ్ళున్న జాతి కాబట్టి ముల్లు ఏ వాలున దిగుతుందో, ఎటు లాగితే విరగకుండా వస్తుందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. తియ్యడం అయ్యాక వచ్చినవాళ్ళు కాలు విదిలించుకుని పోయేవారు. కొందరు పోతూ పోతూ ఒక రేగుపండు పెట్టేవారు.

అలా తీసిన ముళ్ళలో ఒకటి మాత్రం ఆ పిల్ల మనసులోనే ఉండిపోయింది. కిందటి వానాకాలంలో తన స్నేహితురాలు గరిక అనే లేడి పిల్లకు ముల్లు దిగింది. సూదిమణి తీసింది. ముల్లు చక్కగానే వచ్చింది, గాయమే చీము పట్టింది. ఏ ఆకు నూరి పెట్టాలో ఆమెకు తెలియదు, అడవిలో ఎవరికీ తెలియదు. గరిక ఇప్పటికీ ఆ కాలు ఎత్తెత్తి వేస్తుంది. గరిక ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయి ఆ కుంటి కాలితోనే గెంతుతూ తిరుగుతుంది. సూదిమణి మరిచిపోలేదు. కొండ మీద సీటు ఆ పిల్లకు కావలసింది ఆ ఆకు పేరు తెలుసుకోవడానికే.

తల్లి ఈనెలమ్మకు ఈ సంగతి తెలుసు. అందుకే ఒకనాడు కూతురి చెయ్యి పట్టుకుని మద్దిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒంటి నిండా ముళ్ళున్న పిల్లను చూసి మాస్టారు తోక ముడిచి పక్కకు పెట్టుకున్నాడు. పద్ధతి ఈసారికి మినహాయిస్తానన్నాడు.

"నీది ఏ సంఘమమ్మా?" అని అడిగాడు.

సంఘమేమీ లేదనీ, ముళ్ళు తీస్తాననీ సూదిమణి చెప్పింది.

"దానికి అధ్యక్షులెవరు?"

"ఎవరి కాల్లో ముల్లుంటే వాళ్ళేనండి."

"వారానికి ఎన్ని గంటలు తీస్తావు?"

"ముల్లు వచ్చేదాకా తీస్తానండి."

మాస్టారు జాలిగా తల ఆడించాడు. పేరు లేదు, పదవి లేదు, ఎన్ని గంటలో లేదు. దీన్ని దరఖాస్తులో ఏ గడిలో రాయాలో తనకే తోచడం లేదన్నాడు.

"సేవ వేరు, సాయం వేరు తల్లీ. సాయానికి సీటివ్వరు."

అంటూనే ఆయన ఆగిపోయాడు. మీసాలు దువ్వుకున్నాడు. ముళ్ళు, ముళ్ళు అని రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు. తర్వాత ఈనెలమ్మ వైపు తిరిగి, సర్టిఫికెట్లు రాయడానికి కలాలు చాలడం లేదనీ, వాళ్ళ ఇంట్లో రాలిపోయే ముళ్ళు వారం వారం తెచ్చిస్తే పిల్లను ఏదో ఒక మంచి సంఘంలో సభ్యురాలిగా ఇరికిస్తాననీ చెప్పాడు.

"ఇంతేనా అయ్యగారూ, మేం ఊడ్చి పారబోసేవే గదా" అంది ఈనెలమ్మ. ఆ వారమే ఒక మోపు తెచ్చిచ్చింది.

ఆ మర్నాటికల్లా చంద్రకాంత్ నిరాడంబర జీవనం మానేశాడు. అతని సంఘం పేరు కంటకోద్ధరణ సంఘంగా మారింది. ముళ్ళు తీసే సంఘమని మామూలుగా రాస్తే కొండ మీద ఎవరూ లెక్కచెయ్యరట. ఇంకా ఈ కాలంలో సేవకే గిరాకీ అనీ, ఒక్కో అధ్యక్షుడి పేరు మీద కనీసం వంద ముళ్ళన్నా పడాలనీ మాస్టారు రాయుడుగారి చెవిలో ఊదాడు. రాయుడుగారింట్లో ఊదిన మాట అడవంతా పాకడానికి ఒక్క పూట చాలు. మూడో రోజుకు నలభై మూడు సంఘాలూ కంటకోద్ధరణలోకి దిగాయి.

ముళ్ళు తీసేవాళ్ళు నలభై ముగ్గురు. ముళ్ళు గుచ్చుకునేవాళ్ళు వారానికి పదిమంది కూడా లేరు.

శశాంకంగారని ఒక ముసలి కుందేలు ఉండేవాడు. చూపు ఆనదు, నడక ఆగదు. ఒకనాడు ఆయన కాల్లో చిన్న తుమ్మముల్లు దిగింది. అబ్బా అనేలోపు తొమ్మిదిమంది అధ్యక్షులు చుట్టుముట్టి, ఆ ముల్లు నాదంటే నాదని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. కబురందుకుని జంబుకేశం వచ్చాడు. న్యాయంగా తీర్పు చెప్పాడు. మొదటివాడు తీసి మళ్ళీ అక్కడే పెట్టాలి, తర్వాతివాడు తీయాలి. ఆ పూట శశాంకంగారి కాల్లోంచి ఒకే ముల్లును తొమ్మిదిసార్లు తీశారు. ఎనిమిదిసార్లు గుచ్చారు. చివర్లో ఆయనచేత తొమ్మిది ధన్యవాద పత్రాల మీద ముద్ర కూడా వేయించుకున్నారు.

ఆ దెబ్బతో అడవిలో అందరూ కళ్ళు నేలకేసి నడవడం మొదలుపెట్టారు. ముళ్ళు గుచ్చుకోవడం పూర్తిగా ఆగిపోయింది. తల్లిదండ్రులు బెంబేలెత్తిపోయి మద్దిచెట్టు దగ్గరికి పరిగెత్తారు. మాస్టారు గంభీరంగా నిట్టూర్చాడు.

"పిల్లల్లో సేవాగుణం పొంగిపోతుంటే, బాధపడేవాడు ఒక్కడూ దొరకడం లేదు. ఏం అడవండీ ఇది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ లోటు తను చూసుకుంటానన్నాడు.

రాత్రి అందరూ నిద్రపోయే వేళ ఆయన బుట్ట పట్టుకుని బయల్దేరేవాడు. తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు, కలాలకని తీసుకున్న ఈనెలమ్మగారి ముళ్ళు మూడు బాటల మీదా విత్తనాలు చల్లినట్టు చల్లి, పైన ఎండుటాకులు కప్పి వచ్చేవాడు. రాయుడుగారికి ఈ సంగతి తెలుసు. తెలిసి, ఎండుటాకులు తనే పంపేవాడు.

అడవి కుంటడం మొదలుపెట్టింది. దుప్పులు కుంటాయి, కణుజులు కుంటాయి, ఎలుగుబంటి ఒక కాలు మీద ఆగి ఆగి నడిచింది. అధ్యక్షుల ఆనందానికి మాత్రం అంతు లేదు. కుంటేవాణ్ణి చూడగానే పరుగున వెళ్ళి, కింద పడేసి, ముల్లు పట్టుకుని లాగేవారు. సగం ముల్లు చేతిలోకి వచ్చేది, సగం కాల్లో ఉండిపోయేది. చేతిలోకి వచ్చిన సగానికి సర్టిఫికెట్ రాసుకునేవారు. కాల్లో ఉండిపోయిన సగంతో ఆ జంతువు చడీ చప్పుడూ కాకుండా సూదిమణి బండ దగ్గరికి చేరేది.

ఆ పిల్లకు ఊపిరి సలపలేదు. ఈ ఏడు ఇన్ని ముళ్ళెందుకు రాలుతున్నాయో అర్థం కాలేదు. పరీక్షాధికారికి ఇవ్వాల్సిన దరఖాస్తు పక్కన మడతపెట్టి ఉంటే దాని మీద చీమలు నడుస్తున్నాయి.

ఒక సాయంత్రం శశాంకంగారే మళ్ళీ వచ్చి కాలు చాపాడు. సూదిమణి లాగి చూసుకుంటే అది తుమ్మముల్లు కాదు, రేగుముల్లు కాదు. తెలుపూ నలుపూ గీతలున్న ముల్లు. తన ఒంటిమీదిదో, తల్లి ఒంటిమీదిదో. ఇంటికి పోయి తల్లిని అడిగితే, ఈనెలమ్మ కలాల సంగతంతా చెప్పి, చెబుతూ చెబుతూ తనకే అర్థమై, అక్కడే కూలబడింది. మన ముల్లుతో మన తోటివాళ్ళనే పొడిపించానా అని ఏడ్చింది.

సూదిమణి తిన్నగా మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. జంబుకేశం కంగారేమీ పడలేదు. కూర్చోమని మర్యాద చేశాడు.

"ముల్లు ఎవరిదంటే నీ వైపే చూపిస్తారు తల్లీ, నా వైపు కాదు. నోరు విప్పావంటే కొండ మీదికి నీ దరఖాస్తు వెళ్ళదు, నీ మీద ఫిర్యాదు వెళ్తుంది. నోరు మూసుకున్నావనుకో, చంద్రకాంత్ సంఘంలో నిన్ను ఉపాధ్యక్షురాల్ని చేస్తాను. ఆలోచించుకో."

సూదిమణి ఇంటికి వచ్చేసింది. భయపడింది. నిజం చెబితే ఎవరూ నమ్మరని ఆ పిల్లకు తెలుసు. సీటు పోతుందనీ, గరిక కాలికి చెయ్యలేని వైద్యం ఇక ఎవరికీ చెయ్యలేననీ తల్లి పక్కన పడుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కానీ మర్నాడు తెల్లవారగానే లేచి, ఆకుల దొప్ప ఒకటి పట్టుకుని బాటల మీదికి వెళ్ళింది. ఎవరూ నడవకముందే ఎండుటాకులు తప్పించి, ఒక్కొక్క ముల్లే ఏరడం మొదలుపెట్టింది. రెండో రోజునుంచి తల్లి కూడా వచ్చింది. జంబుకేశానికి మోపు ఇవ్వడం ఆపేసింది కానీ, ఆయన దగ్గర పాతవి ఇంకా చాలానే ఉన్నాయి.

ఆయన రాత్రి చల్లేవాడు, వీళ్ళు పొద్దున్నే ఏరేవారు. దాంతో అధ్యక్షులకు మళ్ళీ కరువొచ్చింది. ఈలోగా పరీక్షాధికారి వచ్చే రోజు రానే వచ్చింది.

ఆ రోజుకు రాయుడుగారు ఒక పెద్ద పథకం వేశాడు. అడవి మొగదల దగ్గర, పరీక్షాధికారి దిగే చోటికి పది అడుగుల దూరంలో, జంబుకేశం దగ్గర మిగిలిన ముళ్ళలో గట్టివి చూసి దగ్గరుండి పాతించాడు. అధికారిగారు వచ్చి కూర్చోగానే శశాంకంగారు అటుగా నడుస్తూ వచ్చి తొక్కుతారు. చంద్రకాంత్ అధికారిగారి కళ్ళముందే కంటకోద్ధరణ చేస్తాడు. తొక్కినందుకు శశాంకంగారికి లేత చిక్కుడాకు ఇస్తామన్నారు. వద్దంటే ఊరుకునేవాళ్ళు కాదని ఆయన సరేనన్నాడు.

కానీ ఏనుగులు ఎండెక్కకముందే ప్రయాణం కడతాయన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. పరీక్షాధికారి గజలక్ష్మి మేడంగారు అందరూ అనుకున్న వేళకంటే చాలా ముందే వచ్చేసింది. అధ్యక్షులు ఇంకా బ్యాడ్జీలు పెట్టుకుంటున్నారు. స్వాగత ద్వారం ఇంకా కడుతున్నారు. ఆవిడ తిన్నగా వచ్చి, తిన్నగా ముళ్ళ మీద కాలు వేసింది.

ఆ అరుపుకు మద్దిచెట్టు బోర్డు ఊడి కిందపడింది.

గజలక్ష్మిగారు కూలబడిపోయింది. కుడి ముందుకాలి అరికాల్లో ముల్లు నిలువుగా దిగింది. ఎవరన్నా తీయండర్రా అంది. ముళ్ళు తీసే అధ్యక్షులు నలభై ముగ్గురు ఆవిడ చుట్టూ నిలబడ్డారు. ఇంతమంది ఉన్నచోట ఇక భయమేముందని ఆవిడ అనుకుంది.

ముందు హెడ్మాస్టరుగారు స్వాగతోపన్యాసం చదివారు. తర్వాత ఎవరు తీయాలన్న దాని మీద అత్యవసర సమావేశం పెట్టారు. మౌన సాధన సంఘం అధ్యక్షురాలు ఆ విషయం మీద ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. పరుగు పందాల సంఘం అధ్యక్షుడు నీళ్ళు తెస్తానని బయల్దేరాడు. ఆయన ఆ సాయంత్రానికి వాగు చేరుకున్నాడని తర్వాత తెలిసింది. చివరికి రాయుడుగారి మాట నెగ్గి చంద్రకాంత్ ముందుకొచ్చాడు. అతని పేరు మీద నూట పన్నెండు ముళ్ళున్నాయి. నిజానికి ఒక అరికాలిని అంత దగ్గరగా చూడడం అతనికి అదే మొదటిసారి. రక్తం చూసి కళ్ళు తిరిగి, ముక్కుతో ఒక్క పోటు పొడిచాడు. పైకి కనబడే ముల్లు పుటుక్కున విరిగింది. గజలక్ష్మిగారు రెండోసారి అరిచింది.

అప్పుడు వచ్చింది సూదిమణి. ఆ పూట వాగు వైపు బాటలు ఊడ్చడంలో ఆలస్యమైంది. చేతిలో దొప్ప ఉంది, దొప్ప నిండా ముళ్ళున్నాయి.

రాయుడుగారు గబుక్కున విరిగిన ముల్లు ముక్క ఎత్తి అందరికీ చూపించాడు. తెలుపూ నలుపూ గీతలున్నాయి చూడండి అన్నాడు. దోషి దొప్పతో సహా దొరికిందన్నాడు. అందరూ సూదిమణి వైపు తిరిగారు. జంబుకేశం బాధగా తల వంచుకున్నాడు, ఇలాంటివి చూడలేని సున్నిత హృదయుడిలా.

"ఈ ముల్లు నీదేనా?" అని గజలక్ష్మిగారు అడిగింది.

"మా ఇంటిదేనండి. ముందు తీయనివ్వండి, తర్వాత అడగండి."

ఆ పిల్ల అరికాలు దగ్గర కూర్చుంది. ముట్టుకోకుండా కాసేపు చూసింది. చుట్టూ మెల్లగా ఒత్తింది. విరిగిన మొదలు కొంచెం పైకి రాగానే పళ్ళతో పట్టుకుని, దిగిన వాలునే వెనక్కి లాగింది. గజలక్ష్మిగారు అరుద్దామని నోరు తెరిచేసరికే అయిపోయింది.

ఈనెలమ్మ ముందుకు వచ్చింది. "తప్పంతా నాదేనమ్మా. మాస్టారు కలాలకని అడిగితే ఇచ్చాను. బిడ్డకు సీటొస్తదని ఆశపడ్డాను. అది మాత్రం రోజూ ఏరి పారబోస్తానే ఉంది, దాన్నేమీ అనమాకండి" అంది.

శశాంకంగారు కూడా కాలు పైకెత్తి చూపించాడు. ఒకే ముల్లును తొమ్మిదిసార్లు తీశారమ్మా, లేత చిక్కుడాకు ఇస్తామని ఇవాళ కూడా తొక్కమన్నారు, ఆ చిక్కుడాకు ఇంకా రాలేదు అని ఫిర్యాదు చేశాడు. దాంతో కుంటివాళ్ళందరికీ నోళ్ళు వచ్చాయి. ఒక్కొక్కరే కాళ్ళు చాపి చూపించారు.

ఇక దాచి లాభం లేదని జంబుకేశం ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"పిల్లలు సేవ చేయాలని మీరే రాశారు కదండీ. అవసరమే లేనిచోట సేవ ఎక్కడ మొలుస్తుంది? నేను విత్తనం వేశాను, అంతే."

తప్పు కొంత తమ ఉత్తరంలోనూ ఉందని గజలక్ష్మిగారికి తట్టినట్టుంది. కాసేపు కాలు చూసుకుని, పిల్లలందరినీ కూర్చోమంది. పరీక్ష ఒకే ప్రశ్న అంది.

"ముల్లు తీశారు సరే. తర్వాత గాయానికి ఏం చేస్తారు?"

నలభై మూడు చేతులు లేచాయి. సర్టిఫికెట్ రాస్తామని కొందరన్నారు. ధన్యవాద సభ పెడతామని కొందరు. గాయం పక్కన నిలబడి బొమ్మ గీయించుకుంటామని చంద్రకాంత్ అన్నాడు. సూదిమణి ఒక్కతే చెయ్యి ఎత్తలేదు. నీ సంగతేమిటని ఆవిడే అడిగింది.

"తెలీదండి" అంది సూదిమణి. ఆ మాట అంటుంటే గొంతు పట్టేసింది. "మా గరిక కాలు అందుకే పాడైంది. అది నేర్చుకుందామనే మీ దగ్గరికి రావాలనుకున్నాను."

గజలక్ష్మిగారు ఆ పిల్ల దరఖాస్తు అడిగి తీసుకుంది. పేరు తప్ప అందులో ఏమీ లేదు, రెండు చీమలు తప్ప. ఆవిడ చీమల్ని ఊది, కింద సంతకం పెట్టింది. సీటు సూదిమణిదైంది. అందరికంటే ముందు గరికే మూడు కాళ్ళ మీద ఎగిరి గంతేసింది.

వెళ్ళబోతూ గజలక్ష్మిగారికి ఏదో గుర్తొచ్చింది. "మీ తోక తొక్కితే అదృష్టమటగా మాస్టారూ, మరి నేను తొక్కొద్దూ?" అంది. జంబుకేశం పారిపోవడానికి లేచాడు. ఆయన లేచాడు గానీ తోక లేవలేదు. అప్పటికే దాని మీద ఏనుగు కాలుంది. ముల్లు దిగని కాలే, నిండు కాలు.

సర్టిఫికెట్ల గుట్ట చూసి ఆవిడ, ఇంత మంచి మోదుగాకు పాడుచేసుకోకండర్రా అంది. దొప్పలో ఏరిన ముళ్ళు ఉండనే ఉన్నాయి. ఈనెలమ్మ ఆ ముళ్ళతోనే ఆ ఆకుల్ని విస్తళ్ళు కుట్టింది. అడవంతా ఆ మధ్యాహ్నం బంతి కూర్చుని, కంటకోద్ధరణ సర్టిఫికెట్ల మీద కడుపునిండా భోంచేసింది. శశాంకంగారికి చిక్కుడాకు రెండు విస్తళ్ళ నిండా పెట్టారు.

సూదిమణి కొండ మీద చదువుకుని మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు గరిక కాలు చూసింది. పాత గాయం పూర్తిగా నయం కాదు గానీ నొప్పి తగ్గుతుందని ఏదో పసరు రాసింది. రెండో రోగి జంబుకేశం. చపాతీలా అయిన తోకను పట్టుకుని వచ్చి బండ ముందు కూర్చున్నాడు. ఆ పిల్ల దానికీ పసరు రాసి కట్టుకట్టింది. అది చాలా బాగా పనిచేసింది.

ఎంత బాగా అంటే, ఆ వారమే ఆయన మద్దిచెట్టుకు కొత్త బోర్డు కట్టాడు. 'ఖాళీ దరఖాస్తు నింపకుండా ఉంచుటలోనూ, తెలీదండి అని చెప్పుటలోనూ ప్రత్యేక శిక్షణ.' మర్నాడు పొద్దున్నే నలభై మూడుమంది పిల్లలు చెట్టు కింద బారులు తీరి, గొంతు పట్టేసినట్టు ఎక్కడ ఆగాలో చూసుకుంటూ, తెలీదండి, నేర్చుకుందామనే వచ్చామండి అని ముక్తకంఠంతో వల్లిస్తున్నారు. ముందు వరసలో చంద్రకాంత్ ఉన్నాడు. కట్టు కట్టిన తోక మళ్ళీ బారుగా చాపి ఉంది.

నీతి: ముల్లు తీసేవాడికి ఉన్నది ఒక్క సీటే, ముల్లు వేసేవాడికి ఏటా కొత్త బ్యాచి.